ఆదెమ్మ వాన బొంత

మన ముత్తాతల ముత్తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, పగడాలదిన్నె అనే పట్టణాన్ని విజయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. రాజు మంచివాడే. కాకపోతే ఎవరు ముందు వచ్చి చెబితే వారి మాట నమ్మేవాడు. మంచివాడికి ఆ గుణం ఉంటే ఎంత అన్యాయం జరుగుతుందో వినండి.

ఆ పట్టణంలో దర్జీల వీధి ఒకటి ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ కత్తెరలు ఆడుతూనే ఉండేవి. పొద్దు వాలగానే దర్జీలు అరుగులు ఊడ్చి, పేలికలన్నీ వీధి చివర గుంతలో పోసేవారు. మెడ దగ్గర కోసిన ముక్కలు గుండ్రంగా, చంక దగ్గర కోసినవి నెలవంకల్లాగా, అంచుల్లో కోసినవి సన్నగా పొడుగ్గా ఉండేవి.

ఆ వీధి చివరి ఇంట్లో ఆదెమ్మ ఉండేది. బొంతలు కుట్టి బతికేది. గుంతలో పడిన పేలికల్ని రోజూ ఏరి తెచ్చుకునేది. నిక్షేపంలాంటి గుడ్డను మట్టిపాలు చేస్తున్నారని రోజూ తిట్టేది. ఆమెకు కోపం కాస్త ఎక్కువే. అయితే ఊరికే వచ్చే కోపం కాదది.

మొదట్లో ఆమె అందరిలాగే కుట్టింది. ప్రతి పేలికనూ నలుచదరంగా కత్తిరించి, వరసలుగా పేర్చి, పాత చీర మీద పరిచి కుట్టేసింది. బొంత వెచ్చగానే ఉంది. కాని కిందికి చూస్తే, చదరాల కోసం తను కత్తిరించి పారేసిన తునకలు చేటెడు ఉన్నాయి. ఆదెమ్మకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"దర్జీలు పారేశారని నోరు పారేసుకుంటానే, మరి నేను చేసిందేమిటి?" అనుకుంది.

రెండోసారి కత్తెర ముట్టుకోలేదు. ఏ పేలిక ఎలా ఉంటే అలాగే, ఒకదాని పక్కన ఒకటి ఒదిగేటట్టు చూసి కుట్టింది. ముచ్చటగానే వచ్చింది. తీరా ఉతికితే కొంప మునిగింది. ఎర్ర ముక్క రంగు వదిలి పక్క ముక్కలన్నిటినీ పాడు చేసింది. ఒక గుడ్డ బెత్తెడు ముడుచుకుంటే దాని పక్కది బారెడు సాగింది. కుట్లు పటపటా తెగాయి. గోడ మీద ఆరవేసిన ఆ బొంతను చూసి వీధి వీధంతా నవ్వింది.

ఆదెమ్మ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు కూర్చుని బొంతంతా విప్పింది. విప్పుతూ విప్పుతూ ఏ ముక్క ఎందుకు మొరాయించిందో కనిపెట్టింది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, నిలవని రంగు ఉంటుంది. ఆ రెండూ పోయేదాకా దాన్ని నమ్మకూడదు. అప్పటినుంచి ఏ పేలికైనా మూడుసార్లు ఉతికి, మూడుసార్లు ఆరబెట్టాకే ఆమె సూదికి ఎక్కేది.

మూడోసారి ఆమె పేలికల్ని నేల మీద పరిచి, కుట్టకుండా ఊరికే చూస్తూ కూర్చుంది. చంక దగ్గరి ముక్క రెక్కలాగా కనబడింది. అలాంటివి రెండు కలిపితే కొంగ అయింది. అంచు ముక్కల్ని ఏటవాలుగా పెడితే వాన కురిసింది. గుండ్రటి మెడ ముక్కలు ఆ వానలో గొడుగులయ్యాయి. ఒక్క తునక కూడా పారేయకుండా నెల రోజులు కుట్టింది. అంతకు ముందు పగడాలదిన్నెలో ఎవరూ అలాంటి బొంతను చూసి ఎరగరు. జనం దాన్ని వాన బొంత అన్నారు. మొన్న నవ్వినవాళ్ళే ఇప్పుడు వచ్చి ముక్కు మీద వేలేసుకున్నారు.

ఒకనాడు రాణిగారు పల్లకిలో ఆ దారిన వెళుతూ గోడ మీది వాన బొంతను చూసింది. పల్లకి ఆపించింది. ఆమెకు అప్పుడు ఏడో నెల. "పుట్టబోయే నా బిడ్డకు ఇలాంటిదే కావాలి" అంది.

ఆ మాట ఆస్థాన దర్జీ శరభయ్య చెవిన పడింది. శరభయ్య పట్టు, జరీ తప్ప వేరే గుడ్డ ముట్టేవాడు కాదు. ఆయన కుట్టినవి రాజుగారు ఒక్కసారి తొడుక్కుని పక్కన పెట్టేవారు. అందుకని తన బట్ట ఉతికితే ఏమవుతుందో ఆయన ఏనాడూ చూడలేదు. అంతటి తనను కాదని రాణిగారు ఎవరో పేలికల మనిషిని మెచ్చుకున్నందుకు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

మొదట ఎగతాళి చేసి చూశాడు. "అమ్మగారూ, గుంతలో ఏరిన పేలికల మీద యువరాజును పడుకోబెడతారా?" అన్నాడు.

"ఆ పేలికల్లో నా పట్టు రవికె ముక్క కూడా ఉంది శరభయ్యా. దాన్ని గుంతలో వేసింది నువ్వే" అంది రాణి.

అది పారలేదని రాజు దగ్గరికి వెళ్ళాడు. "ప్రభూ, ఆ పేలికల్లో తమ దుస్తుల ముక్కలుంటాయి. వాటిని ఎవరెవరో ఒంటి కింద పరచుకుంటే తమ మర్యాద ఏం కావాలి?" అన్నాడు. రాజు వెనకా ముందూ చూడకుండా ఆజ్ఞ రాయించి ముద్ర వేశాడు. మర్నాటినుంచి పేలికలన్నిటినీ భటులు ఆ గుంతలోనే తగలబెట్టసాగారు.

ఆదెమ్మ గుంత దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఎవరికి అడ్డమని కాలుస్తున్నారయ్యా? చలికాలం వస్తోంది. సత్రంలో ముసలివాళ్ళు కటిక నేల మీద పడుకుంటున్నారు. మీకు కళ్ళు లేవా?" అని నిలదీసింది.

"రాజాజ్ఞమ్మా" అన్నారు భటులు.

వినేవాళ్ళకు కడుపు మండదా చెప్పండి. చలికి వణికే ఊళ్ళో గుడ్డను కాల్చి బూడిద చేయడానికి ఎంత పొగరుండాలి. శరభయ్య పొగరు అక్కడితో ఆగితే బాగుండేది. ఆ పైవారం భటుల్ని పంపి, రాణిగారు చూస్తారని చెప్పించి, వాన బొంతను తన ఇంటికి తెప్పించుకున్నాడు. పాపం ఆదెమ్మ నమ్మి, దాన్ని చక్కగా మడత పెట్టి మరీ ఇచ్చింది.

శరభయ్య దాన్ని గోడకు తగిలించి, ఎనిమిదిమంది పనివాళ్ళను కూర్చోబెట్టి అచ్చం అలాంటిదే కుట్టమన్నాడు. కాని పేలికలేవి? ఊళ్ళో పేలికలన్నీ ఆయనే కాల్పించాడాయె. చివరికి కొత్త పట్టు తానులు విప్పించి, వాటిని కసకసా కోయించి పేలికలు చేయించాడు. పేలికల కోసం తానులు కోసిన మనిషిని మీరెక్కడైనా చూశారా?

రాణిగారికి కొడుకు పుట్టాడు. బారసాల నాడు శరభయ్య నిండు సభలో పట్టు బొంత పరిచాడు. దాని పక్కనే ఆదెమ్మ బొంత పడేశాడు.

"ప్రభూ, ఈ పనితనం నాది. పదేళ్ళుగా ఇంట్లో సాధన చేస్తున్నాను. దర్జీల వీధి ఆదెమ్మ మా ఇంటి కిటికీలోంచి చూసి దొంగిలించి, పేలికలతో ఈ నాసిరకం బొంత కుట్టింది" అన్నాడు.

పగడాలదిన్నెలో పనితనం దొంగిలించినవారికి ఒకటే శిక్ష. వారి సూది విరిచేస్తారు. బతికి ఉన్నన్నాళ్ళూ వారు మళ్ళీ సూది పట్టకూడదు. ఆదెమ్మకు సూది తప్ప వేరే బతుకు లేదు. రాజు ఎప్పటిలాగే ముందు విన్న మాట నమ్మి ఆమెను పిలిపించాడు.

ఆదెమ్మ వచ్చి రెండు బొంతల్నీ చూసింది. జరిగింది ఆమెకు అర్థమైంది.

"శరభయ్య ముప్పై ఏళ్ళుగా మా కొలువులో ఉన్నాడు. ఈ పనితనం తనదేనని, పదేళ్ళుగా సాధన చేస్తున్నానని అంటున్నాడు. నీది దొంగతనం కాదనడానికి సాక్ష్యమేమిటి?" అన్నాడు రాజు.

"కొలువులో ఉన్నవాడు అబద్ధమాడడని ఎవరు చెప్పారు మహారాజా? పసిబిడ్డ పక్క రోజూ తడుస్తుంది, రోజూ ఉతకాలి. ఈ రెండు బొంతల్నీ మూడుసార్లు ఉతికించండి. ఆ తర్వాత ఆయన్ని ఒక్క మాట అడుగుతాను. దానికి జవాబు చెబితే నా సూది నేనే విరిచి ఇస్తాను" అంది ఆదెమ్మ.

"ఇంత పట్టును చాకిరేవుకు వేయమంటుందా?" అని శరభయ్య నవ్వాడు.

"ఉతకడానికి వీల్లేనిది నా బిడ్డకెందుకు?" అంది రాణి.

అంతఃపురం బట్టలు ఉతికే నీలవ్వ పెరట్లో గంగాళాలు పెట్టింది. మొదటిసారి ముంచగానే శరభయ్య బొంత వేసిన గంగాళమంతా ఎర్రబడింది. తెల్లటి కొంగలన్నీ ఎర్ర కొంగలయ్యాయి. రెండోసారి ఉతికి ఎండలో వేస్తే వాన అంతా ముడుచుకుని ముద్దయింది. మూడోసారి పిండేసరికి కుట్లు తెగి గొడుగులు ఊడి చేతిలోకి వచ్చాయి. ఆదెమ్మ బొంత మూడుసార్లు ఉతికినా వేసింది వేసినట్టే ఉంది.

"ఇది ఇంకా మెత్తబడిందమ్మా" అంటూ నీలవ్వ దాన్ని రాణి చేతికిచ్చింది.

అప్పుడు ఆదెమ్మ అడిగింది. "శరభయ్యగారూ, ఈ ఎర్ర పట్టు రంగు వదులుతుందని మీకెప్పుడు తెలిసింది?"

శరభయ్య ఎర్రబడ్డ గంగాళం వైపు చూశాడు.

"ఆయనకు ఇప్పుడే తెలిసింది. మహారాజా, ఈ తప్పు నేనూ చేశాను. వీధి వీధంతా చూసి నవ్వింది, పిలిచి అడగండి. నవ్వించుకున్నాను, విప్పుకున్నాను, నేర్చుకున్నాను. ఒకసారి ఈ అవమానం పడ్డవాళ్ళు మళ్ళీ ఉతకని గుడ్డకు సూది గుచ్చరు. పదేళ్ళ సాధన అన్నాడే ఈ పెద్దమనిషి, ఆయన పుట్టి బుద్ధెరిగాక కుట్టిన మొదటి బొంత ఇదే."

సభంతా శరభయ్య వైపు తిరిగింది. ఆయన మొహం మాడిపోయింది. చివరికి తప్పు ఒప్పుకున్నాడు.

రాజుకు కోపం ముంచుకొచ్చింది. "ఈయన సూది విరిచేయండి. ఆదెమ్మా, ఈ రోజునుంచి ఆస్థానంలో ఈయన పీట నీది" అన్నాడు.

"ఆగండి మహారాజా" అంది ఆదెమ్మ. "ఇందాక నా సూది విరవబోయారు. ఇప్పుడు ఆయనది విరుస్తానంటున్నారు. మీకు విరవడమే గాని విచారించడం తెలియదా? పేలికలు కాల్చమని ముద్ర వేసింది ఆయన కాదు, మీరు. మూడు నెలలుగా నలుగురికీ పనికొచ్చే గుడ్డ బూడిదవుతుంటే, ఎందుకని ఒక్కసారైనా అడిగారా?"

రాజుతో అలా మాట్లాడినవాళ్ళు ఆ సభలో ఎన్నడూ లేరు. రాజు ఆ ఆజ్ఞ తెప్పించి తన చేత్తోనే చింపేశాడు. "తప్పు నాదే. ఇప్పుడు ఏం చేయమంటావో చెప్పు" అన్నాడు.

"నాకు పీటలు వద్దు, నా అరుగు చాలు. ఈయన్ని ఆ చెడిపోయిన బొంత విప్పి, తన చేత్తో మళ్ళీ కుట్టమనండి. ఉతుక్కు నిలిచేదాకా కుట్టమనండి. నిలిచాక సత్రంలో ఇమ్మనండి" అంది ఆదెమ్మ.

శరభయ్య ఆదెమ్మ అరుగు మీద కూర్చుని బొంత విప్పాడు. ఆమె కోపం అప్పటికీ చల్లారలేదు. అయినా కుట్లు ఎలా విప్పాలో చూపించింది. మొదటిసారి కుట్టింది వంకర పోయింది. రెండోసారిది ఉతుకులో తెగింది. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వుతుంటే శరభయ్య తల దించుకుని మళ్ళీ విప్పాడు. మూడోసారి పట్టు ముక్కలన్నిటినీ తనే ఉతికి ఆరేశాడు. వాటిని నేల మీద పరిచి, ఎటూ తోచక ఆమెను అడిగాడు.

"ఆదెమ్మగారూ, ఈ ముక్క ఎక్కడ పెట్టమంటారు?"

"నన్నడగకండి. ముక్కను చూడండి" అంది ఆదెమ్మ.

ఆయన చూస్తూ కూర్చున్నాడు.

అందుకే పిల్లలూ, ఒకరు చేసిన వస్తువును చూసి అలాంటిదే చేయవచ్చు గాని, తప్పులు చేసి, విప్పుకుని, దిద్దుకుని వాళ్ళు సంపాదించుకున్న పనితనాన్ని దొంగిలించడం ఎవరి తరమూ కాదు.