ఎర్రకారు వెనక బల్బులు

తణుకులో మా ఎదురిల్లు మంగతాయారు గారిది. ఆవిడకి ముగ్గురు కొడుకులు. కామేశం, సోమేశం, నాగేశం. తెలివంటే తమదేనని తల్లితో కలిపి నలుగురికీ గట్టి నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చేస్తామండీ, సొంత పైత్యం కలపం!" అని పెద్దాడు కామేశం మీసం దువ్వుతుంటాడు. నిజమే, చచ్చినా కలపరు. ఎదురింట్లో ఉండి చూస్తున్నవాణ్ణి, నాకు తెలీదూ?

ఆవిడ భర్త బతికుండగా ఓ స్పోర్ట్స్ కారు కొన్నాడు, అప్పటికే పాతది. ఎర్రరంగు, రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు. అది చూసి ఆవిడ అన్న, ఆచంటలో ఉండే గవర్రాజు గారు, "ఏమే మంగా, ఈ అగ్గిపెట్టెలో ఎక్కి ఎక్కడికెళ్తారే?" అని పదిమందిలో నవ్వాడు. ఆవిడ ఆ మాట మర్చిపోలేదు. ఇప్పుడు ఆ అన్నకి షష్టిపూర్తి. అదే కారులో అందరి ముందూ దర్జాగా దిగాలని పంతం పట్టింది.

కానీ బ్రేకు తొక్కినప్పుడు వెలిగే వెనక బల్బులు రెండూ పోయాయి. మా వీధి చివర ఉండే బ్రేకు ఇనస్పెక్టరు గారు చూశాడు. "గురువారం పదింటికి ఇటే వెళ్తాను. బల్బులు వెలిగితే సరే, లేదంటే బండిని తుక్కు కింద రాసేస్తాను" అన్నాడు. షష్టిపూర్తి కూడా ఆ గురువారమే. మంగతాయారు గారికి గుండెల్లో రాయి పడింది.

గురువారం పొద్దున్నే ముగ్గురూ కారు చుట్టూ చేరారు. ఆ కారు సంగతి తెలిసిన మెకానిక్కు మస్తాన్ గారొక్కడే. ఆయన నడుం పట్టేసి మంచం మీదున్నాడు. ఫోన్లో చెప్తానన్నాడు.

"ముందు బ్యాటరీ తీగ ఊడదియ్యండి బాబూ. తర్వాత డిక్కీలోకి దూరి, పక్కనున్న అట్ట తప్పించి, సందులో చెయ్యి పెట్టాలి. ఇరుకు సందు. సన్నటి చెయ్యి ఉన్నవాళ్ళయితే మేలు."

అంతే! దారం తెచ్చి ఇంట్లో అందరి చేతులూ కొలిచారు. అమ్మ చెయ్యే సన్నం. పట్టుచీర కట్టుకుని ఊరెళ్ళడానికి సిద్ధంగా ఉన్న మంగతాయారు గారిని ముగ్గురూ కలిసి డిక్కీలోకి ఎక్కించారు. గాజులు తీసి నాగేశం జేబులో వేసుకున్నాడు.

"కంటికేమీ కనపడదమ్మా. అయినా ఏం లేదు, కళ్ళు మూసుకుని చేసెయ్యొచ్చు!" అని ధైర్యం చెప్పాడు మస్తాన్ గారు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. కొడుకులు కూడా ఎందుకైనా మంచిదని మూసుకున్నారు. ఆవిడ తడిమి తడిమి పాత బల్బు లాగేసింది. "కొత్తది ఇవ్వరా" అని చెయ్యి చాపింది. నాగేశం చేతికి తగిలింది అందించాడు. ఆవిడ సందులో పెట్టి తిప్పింది, తిప్పింది, తిప్పుతూనే ఉంది.

"బిగిసిందామ్మా?" అన్నాడు మస్తాన్ గారు.

"బిగియట్లేదు మస్తానూ. పొట్టు ఊడొస్తోంది. కళ్ళు కూడా మండుతున్నాయి!"

కళ్ళు తెరిచి చూస్తే ఉల్లిపాయ! మొన్న సంతనుంచి తెచ్చినప్పుడు డిక్కీలో దొర్లిందట.

మస్తాన్ గారు నవ్వాపుకుని, "కళ్ళు తెరిచే ఉంచండి తల్లీ. పాత బల్బు ఎలా ఉందో చూసుకుని, కొత్తది కూడా అచ్చం అలాగే ఉండాలి, తేడా రాకూడదు" అన్నాడు.

ముగ్గురూ పాత బల్బు చూశారు. నల్లగా మాడి ఉంది. కొత్తది చూశారు. తళతళా మెరుస్తోంది. "అమ్మో, ఎంత తేడా!" అన్నాడు సోమేశం. ఇంకేముంది, రెండు కొత్త బల్బులూ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి, ఆముదం దీపం మీద తిప్పి తిప్పి నల్లగా మసి పట్టించుకొచ్చాడు. రెండూ అమ్మచేత బిగింపించారు.

ఆ ముక్క విని మస్తాన్ గారు మంచం మీదే లేచి కూర్చున్నాడట. ఆయన అరుస్తుంటే మళ్ళీ ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టారు. డిక్కీలోంచి దిగేసరికి ఆవిడ పట్టుచీర మసిగుడ్డ అయింది. బల్బులు మాత్రం వెలగలేదు.

"బ్యాటరీ తీగ పెట్టారా?"

"మీరు తియ్యమన్నారు, తీశాం. పెట్టమని ఎప్పుడన్నారు?" కామేశానికి కోపం కూడా వచ్చింది.

తీగ పెట్టారు. "ఇప్పుడు బ్రేకు తొక్కి, వెనక వెలిగిందో లేదో చూడండి" అన్నాడు ఆయన. ముగ్గురూ ముందు సీట్లలోకి దూరి ఒకరి కాలి మీద ఒకరు కాలేసి బ్రేకు తొక్కారు. తర్వాత ముగ్గురూ దిగి వెనక్కి పరిగెత్తి చూశారు. చీకటి! మళ్ళీ తొక్కారు, మళ్ళీ పరిగెత్తారు. ఏడుసార్లు. మంగతాయారు గారు అరుగు మీద కూలబడి, "మీ నాన్న బండి తుక్కులోకి పోతోందిరా నాయనా!" అని ఏడుపందుకుంది.

ఎనిమిదోసారి మిగతా ఇద్దరూ దిగుతూ, సరిగ్గా నాగేశం కాలింకా లోపల బ్రేకు మీదే ఉండగా ఇనస్పెక్టరు గారు స్కూటరు మీద వచ్చాడు. వెనక్కొచ్చి చూశాడు. రెండు బల్బులూ ఎర్రగా భగ్గుమంటున్నాయి!

"శభాష్! బండి పాసు. ఇవి ఇలాగే వెలుగుతుండాలి సుమా. రోడ్డు మీద ఆరిపోయి కనిపించాయంటే మాత్రం ఊరుకోను" అని కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఒకటే కేకలు, కౌగిలింతలు! ఆ సంబరంలో నాగేశం కాలు తీశాడు. బల్బులు టప్పున ఆరిపోయాయి.

"చంపేశావురా! తొక్కు, తొక్కు!" అని అందరూ మీద పడ్డారు. తొక్కాడు, వెలిగాయి. అంతే, మళ్ళీ కాలు తియ్యలేదు. సోమేశం పక్కన కూర్చుని గేరు వేశాడు, ఇంజను గుర్రుమని ఆగిపోయింది. కామేశం వెనకనుంచి నెట్టాడు, సోమేశం దిగొచ్చి తనూ నెట్టాడు, ఆఖరికి ఆవిడా నడుం బిగించి నెట్టింది. బండి వేలెడు కదిలితే ఒట్టు.

"బ్రేకు మీంచి కాలు తియ్యరా అబ్బాయ్!" అని నేను అరిచాను.

"ఆరిపోతాయి బాబాయ్ గారూ! మీకేం, చెప్తారు" అన్నాడు నాగేశం, చెమటలు కక్కుతూ.

పదకొండయింది. మంగతాయారు గారు కొడుకుల్ని బండి దగ్గరే వదిలేసి, మసి చీర దులుపుకుని బస్టాండు వైపు నడిచింది. షష్టిపూర్తి పిలుపు నాకూ ఉంది కనక నేనూ వెనకే వెళ్ళాను. బస్సులో ఇద్దరం నిలబడే ఆచంట చేరాం. పందిరి ముందు గవర్రాజు గారు ఎదురొచ్చి, చెల్లెల్ని ఎగాదిగా చూసి, "ఏమే మంగా, బస్సులో వచ్చావేం? మీ అగ్గిపెట్టె పాడైందా?" అన్నాడు.

ఆవిడ మసి మొహంతోనే తలెత్తి, పందిరంతా వినపడేలా అంది:

"పాడవడమేమిటన్నయ్యా! లక్షణంగా బాగైపోయింది. అందుకే కదూ, బస్సులో వచ్చాను!"