గవరమ్మ కొంగు ముడి

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా. ఆవిడకి ఒక్కడే కొడుకు, పేరు అప్పలసూరి. యుద్ధం వచ్చింది. అప్పుడు వాణ్ణి ఓడెక్కించి, ఇసక తప్ప ఏమీ లేని ఏదో దేశానికి పంపించేశారు.

తల్లికీ చదువు రాదు, కొడుక్కీ రాదు. మనం మర్చిపోకుండా కొంగున ముడేసుకుంటాం చూడు, వాడు ఓడెక్కే ముందు అదే తట్టింది గవరమ్మకి. "నాయినా, నా కొంగు ముక్క చింపి, ముడేసి పంపిస్తాను. నువ్వు ముడి విప్పి, ఆ గుడ్డే తిప్పి పంపు. అది చూస్తే నువ్వు బతికున్నావని నాకు తెలుస్తాది" అంది. వాడు సరేనన్నాడు.

మొదటి ముడి వచ్చింది. తక్కిన సిపాయిలకేమో ఉత్తరాలు, ఫొటోలు. మనవాడికి పాత గుడ్డపేలిక! "ఏంట్రా అది?" అని ఒకడు నవ్వాడు. అప్పలసూరికి తల కొట్టేసినట్టయింది. "బూట్లు తుడుచుకునే గుడ్డ" అన్నాడు. అని ఊరుకున్నాడా? వాళ్ళ ముందే దాంతో బూట్లు తుడిచాడు, వెధవ. నల్లగా అయిపోయిన గుడ్డని అమ్మకెలా పంపుతాడు? పంపలేదు.

ఆ తర్వాత రెండోది వచ్చింది. ఆడిన అబద్ధం నిలబెట్టుకోవాలిగా, దాంతోనూ తుడిచాడు. ఆ తర్వాత మూడోది వచ్చింది. దాన్ని చూడ్డానికే వాడికి మొహం చెల్లలేదు. పొట్లం విప్పకుండా పెట్టె అడుగున పడేశాడు. మరింక రాలేదు.

యుద్ధం అయిపోయాక ఇంటికొచ్చాడు. గవరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఉన్న ఒక్క మంచి చీరకీ కొంగు లేదు. భుజాన తువ్వాలు కప్పుకుంది.

తిట్టలేదమ్మా ఆవిడ. తిట్టినా బాగుండేది.

"ఊళ్ళో ఏవేవో అన్నారు నాయినా, నేను వినలేదు. నేనే ముడి మరీ గట్టిగా వేసేసినాననుకున్నాను. అందుకే రెండోది వదులుగా వేసినాను. మూడోది ఊరికే మెలిపెట్టినాను. అదీ విప్పలేకపోయావా?"

అప్పుడు వాడు పెట్టె తెరిచి ఆ పొట్లం తీసి విప్పాడు. చెయ్యి తగలగానే ముడి దానంతటదే విడిపోయింది.

"ముడి గట్టిగా లేదమ్మా. నీ గుడ్డ నాదని చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను" అన్నాడు. ఆ మాట అంటుంటే వాడికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

గవరమ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుంది. ఆ ముక్క తీసుకుని వాడి మొహం తుడిచింది.

కథేమో కంచికి, మనమేమో మంచానికి,
కొడుకు కన్నీళ్ళు అమ్మ కొంగు అంచుకి.