అంబలికొండకు ఆ పేరు వచ్చిన వైనం

తూర్పు కనుమల ఒడిలో పూసలవలస అనే చిన్న ఊరు ఉంది. బస్సు దిగి, వంతెన దాటి, జీడిమామిడి తోటల నడుమ కొంత దూరం నడిస్తే కొండ మొదలు కనబడుతుంది. పైభాగం మాత్రం కనబడదు. ఏడాదిలో సగం రోజులు అక్కడ మంచు, మిగతా సగం మబ్బు. ఇంత దూరం వచ్చినా ఏమీ కనబడలేదని నిష్ఠూరమాడే యాత్రికులు ప్రతిసారీ ఉంటారు. వారికి మా చర్చి సంఘం వారు చెప్పేది ఒక్కటే: కొండ ఎక్కి కాసేపు నోరు మూసుకుని కూర్చోండి. ఇక్కడికి వచ్చేది వినడానికి.

దారి నిటారుగా ఉంటుంది. మొదట వెదురు పొదలు, తరువాత ఉసిరి చెట్లు, ఆ పైన మోకాలెత్తు గడ్డి. చెప్పులు విప్పి రావాలా అని కొందరు భక్తిగా అడుగుతారు. అక్కర్లేదు, ముళ్ళున్నాయి, వేసుకునే రండి. మైకులు మాత్రం కిందే వదిలి రండి. దేవుడికి చెవుడు లేదని ఎన్నిసార్లు చెప్పినా మన వాళ్ళకు నమ్మకం కుదరడం లేదు.

పైన పెద్ద చర్చి ఉంటుందని ఊహించుకుని వచ్చేవారు నిరుత్సాహపడతారు. నాలుగు రాతిగోడలు, పెంకుల కప్పు, తలుపు లేని గుమ్మం, అంతే. గుమ్మం ముందు చదునైన పెద్ద బండ ఒకటి ఉంది. వచ్చినవారందరూ దానిమీదే కూర్చుంటారు. సర్కారు పటంలో ఈ కొండకు వేరే పేరేదో ఉందట. ఆ పేరు చెప్పి అడిగితే మా ఊళ్ళో ఎవరికీ దారి తెలియదు. అంబలికొండ అని అడిగితే పశువుల కాపరులు కూడా చూపిస్తారు.

పూర్వం ఇక్కడ, అంటే మా తాతల కాలంలో, ఆమోసు అనే ఉపదేశి ఉండేవాడు. పూరింట్లో ప్రార్థన నడిపి, పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టి, జ్వరపడిన వారి పక్కన కూర్చునేవాడు. గొంతు పెద్దది. ఆయన ప్రార్థన చేస్తే వాగు అవతల నాట్లు వేసేవాళ్ళు కూడా ఆమేన్ అనేవారని చెబుతారు. కాస్త ఎక్కువ చేసి చెబుతారేమో, నేను పూచీ పడను. ఆయన భార్య లేయమ్మ మాట తక్కువ మనిషి. వారికి లేకలేక ఒక ఆడపిల్ల పుట్టింది. మిర్యాము అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లకు ఒంటరిగా నిద్రపట్టేది కాదు. తండ్రి పక్కన చేరి, ఆయన చెవితమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుంటేనే కన్ను మూసేది.

ఒక వానాకాలం ఊళ్ళోకి విషజ్వరం వచ్చింది. ఎంతోమంది పిల్లలకు వచ్చినట్టే మిర్యాముకూ వచ్చింది. ఆమోసు ఉపదేశి సంఘమంతటి ముందూ నిలబడి, నా బిడ్డను దేవుడు లేపుతాడు అన్నాడు. లేపలేదు. వాగు ఒడ్డున పూడ్చిపెట్టి వచ్చారు.

తరువాతి ఆదివారం ఆయన ప్రార్థన మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. ఆ పైన వచ్చిన ఆదివారం మొదలే పెట్టలేదు. ఇంట్లో భార్యతో మాట్లాడడం మానేశాడు. లేయమ్మ పొయ్యి దగ్గర ఒక్కతే ఏడ్చేది, ఆయన పెరట్లో ఒక్కడే తిరిగేవాడు. బిడ్డ ఎందుకు పోయిందని దేవుణ్ణి నిలదీయాలని ఆయనకు లేదు. జ్వరానికి ఎన్నో ఇళ్ళలో పిల్లలు పోయారు, ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయనకు కావలసింది ఒక్క చిన్న సంగతి. పాప అక్కడ ఎవరి పక్కన పడుకుంటోంది? నిద్రపట్టక ఎవరి చెవి పట్టుకుంటోంది? ఇది తెలిస్తే చాలు, తక్కిన బ్రతుకు ఎలాగో నడిపేస్తాననుకున్నాడు. వాగు దగ్గర అడిగాడు, పూరింట్లో మోకరించి అడిగాడు. ఎక్కడా జవాబు రాలేదు.

అప్పుడు ఆయన కన్ను ఈ కొండ మీద పడింది. మోషేతో దేవుడు మాట్లాడింది కొండ మీదే గదా, నాతోనూ అక్కడ మాట్లాడకపోతాడా అనుకున్నాడు. మాట వినేదాకా దిగనని, ముద్ద ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మోషే ఎక్కిన సీనాయి కొండ చుట్టూ మేర గీసి, దాన్ని దాటిన మనిషైనా పశువైనా బ్రతకకూడదన్న ఆజ్ఞ ఉండెను గదా, ఆ ప్రకారమే జరగాలన్నాడు. కిత్తనార పేని పొడుగాటి తాడు చేసి, దారి మొదట్లో ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు, ఆ చెట్టు నుంచి ఇంకో చెట్టుకు అడ్డంగా కట్టాడు. తాడు దాటితే చస్తారని ఊరందరికీ చెప్పి, తాను మాత్రం దాటి పైకి వెళ్ళిపోయాడు. వాక్యం ఎక్కువగా చదివి, తిండి తక్కువగా తిన్నవాడికి గాని ఇలాంటి ఆలోచన రాదు. అయితే ఊరు నమ్మింది. ఆయన మాట మీద వారికి అంత గురి.

లేయమ్మ కూడా నమ్మింది. రోజూ చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి, కుండ నెత్తిన పెట్టుకుని తాడు దాకా వచ్చి నిలబడేది. ఒట్టు మరిచి దిగి వస్తాడేమోనని కొండ వైపు చూసేది. పొద్దు వాలాక ఆ అంబలి తెచ్చి కోళ్ళకు పోసేది. బిడ్డను వాగు ఒడ్డు తీసుకుంది, మొగుణ్ణి కొండ తీసుకుంది అనుకునేది.

ఆ రోజుల్లో పైడయ్య అనే మేకల కాపరి తన మందను ఆ చుట్టుపట్ల మేపేవాడు. మన సంఘపు మనిషి కాడు. వాళ్ళ అమ్మవారికి ఏటేటా కోడిని కోసేవాడు. ఒకనాడు అతని మేక ఒకటి తాడు కింద నుంచి దూరి పైకి పోయింది. సాయంకాలానికి తిరిగి రాలేదు. మర్నాడు కూడా రాలేదు.

"నా మేక పోనాదమ్మా," అన్నాడు లేయమ్మతో. "చూల్తో ఉన్న మేక. మీ దేవుడు మనుసులతోటి తగువులెట్టుకోవాల గానీ, మేకతోటి ఏటి?"

ఆ మాటతో లేయమ్మకు మేర దాటితే చావేనన్న మాట నిజమని తేలిపోయింది. ఆ మధ్యాహ్నం మంచు కాసేపు విడిపోయింది. అందరూ తలెత్తి చూశారు. మంచు విడిపోయినప్పుడల్లా బండ మీద కూర్చుని కనబడే మనిషి ఇప్పుడు పడుకుని ఉన్నాడు. చూస్తుండగానే మంచు మళ్ళీ కమ్మేసింది.

లేయమ్మ ఇంటికి వెళ్ళింది. స్నానం చేసింది. పెట్టె తీసి ఆదివారం చీర కట్టుకుంది. తాడు దాటగానే ఎలాగూ దేవుడి ముందు నిలబడవలసి వస్తుంది గదా, ముతక చీరతో ఎందుకనుకుంది. అంబలి కుండ ఎత్తుకుని, ఉప్పూ ఉల్లిపాయా కొంగున ముడివేసుకుని వచ్చింది.

పైడయ్య ఎదురొచ్చాడు. "ఏటమ్మా, యాడికి? తాడు దాటితే సచ్చిపోతావు."

"తెలుసన్నా."

"తెలిసీ ఎల్తావా?"

"ఆడు తిండి లేక సచ్చిపోతన్నాడు. ఆణ్ణి సూసి సస్తాను," అని తాడు ఎత్తి, వంగి దాటింది.

దాటాక కళ్ళు మూసుకుని కాసేపు నిలబడిందట. ఏమీ జరగలేదు. ఒక అడుగు వేసింది. అప్పుడూ ఏమీ జరగలేదు. అయితే పైన చంపుతాడు కాబోలు అనుకుని నడక సాగించింది. ఉసిరి చెట్ల దగ్గరికి వచ్చేసరికి పైడయ్య మేక అక్కడే నిక్షేపంగా పడుకుని ఉంది, పక్కన అప్పుడే పుట్టిన రెండు పిల్లలతో. తల్లి ఒంటికి ఆనుకుని నిద్రపోతున్న ఆ పిల్లలను చూసి లేయమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. కుండ ఒలికిపోతుందని ఏడుపు ఆపుకుని మళ్ళీ ఎక్కింది. ఈ కొండ మీద జరిగినవాటిలో నాకు ఎక్కువ భయం కలిగించేదీ, ఎక్కువ ఇష్టమైనదీ ఈ నడకే. దేవుడు చంపుతాడని నమ్ముతూనే ఆ తల్లి దేవుడి వైపు ఎక్కింది.

పైన ఆమోసు లేవలేని స్థితిలో ఉన్నాడు. మంచులో తన చెయ్యి తనకే కనబడడం లేదు. అప్పుడు అడుగుల చప్పుడు వినబడింది. మెల్లగా, ఆగి ఆగి, గడ్డిని ఒరుసుకుంటూ ఎవరో వస్తున్నారు. తాడు దాటి మనిషి రాడు. మరి వచ్చేది ఎవరు? ఎలాగో బోర్లా తిరిగి, దుప్పటి ముసుగు వేసుకుని, ముఖం బండకు ఆనించాడు. అడుగులు దగ్గరగా వచ్చి ఆగాయి. ఇన్నాళ్ళుగా దాచుకున్న మాట బయటికి వచ్చింది.

"ప్రభువా, నా పాప ఎవలి పక్కన తొంగుంటంది?"

ఏడుపు వినబడింది. పెద్దగా, గుండెలు బాదుకుని ఏడుస్తున్నారు. రోజూ తనను తినేసే ప్రశ్నే ఆయన నోట విని లేయమ్మ నిలబడలేకపోయింది. ఒక్క కడుపుకోతనే ఇద్దరూ వేరువేరుగా మోస్తున్నారని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ గొంతు గుర్తుపట్టి ఆమోసు ముసుగు తీశాడు.

"లేయా! తాడు దాటినావా? సచ్చిపోతావే!"

"సస్తే సస్తాను. ముందు నువ్వు తాగు."

"పాప సంగతి..."

"నాకు తెలీదయ్యా. తెలిస్తే నీకు సెప్పనా? నాతోటి కూకోని ఏడువు. ఒక్కదాన్నే ఏడవలేకపోతన్నాను."

బిడ్డను పూడ్చిన తరువాత ఆ ఇద్దరూ కలిసి ఏడ్చింది అదే మొదలు. ఆమె అంబలి పోస్తే ఆయన దోసిలి పట్టి తాగాడు. ఆమె చావలేదు. మంచు కూడా విడిపోలేదు. మేకనూ పిల్లలనూ తోలుకుని ఇద్దరూ నెమ్మదిగా దిగి వచ్చారు. ఆమోసు తాడు తానే కోసి, దానితో పైడయ్య మేకను కట్టి అతని చేతికిచ్చాడు.

ఆదివారం సంఘమంతా పూరింట్లో కిక్కిరిసింది. దేవుడు మాట్లాడాడా అని పెద్దలు అడిగారు. ఆమోసు లేచి నిలబడి చెప్పాడు.

"మాటాడలేదు. వస్తన్న సప్పుడు మాత్రం ఇన్నాను. దేవుడనుకున్నాను. తలెత్తి సూస్తే మా ఇంటిది, సేతిలో అంబలి. నాను పొరపడినానో, సరిగ్గానే అనుకున్నానో, ఇప్పటికీ తెలవదు."

పెద్దలు దీని మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. కొందరు పొరపాటేనన్నారు, కొందరు కాదన్నారు. ఆ వాదనలో ఒకరితో ఒకరు మాటలు మానేసిన పెద్దలూ ఉన్నారు. లేయమ్మ మాత్రం ఏమీ అనకుండా రోజూ అంబలి కాచింది. ఊరివాళ్ళు ఆ కొండను అంబలికొండ అనడం అప్పుడే మొదలైంది. ఆ దంపతులకు తరువాత ఇద్దరు కొడుకులు పుట్టారు. పెద్దవాళ్ళయ్యారు. అయినా నిద్రలో ఆమోసు చెయ్యి తన చెవి దగ్గరికి వెళ్ళేదట.

ముసలితనంలో లేయమ్మ ముందు పోయింది. ఆమెను మట్టిచేసిన మర్నాడు పొద్దున్నే ఆమోసు ఇంట్లో లేడు. కొడుకులు ఊరంతా వెతికారు. ఆయన కర్ర పోటేసుకుంటూ కొండెక్కి, బండ మీద ముసుగు వేసుకుని కూర్చున్నాడు. ఈసారి దేవుణ్ణి ఏమీ అడగలేదు. వెనక దారి వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు, అంతే. లేయమ్మ రాదని తెలుసు. ఉపదేశి గదా, ఎంతోమందిని పూడ్చినవాడు, తెలియకేం. తెలిసినా ఆ అడుగుల కోసమే ప్రాణం కొట్టుకుంది.

మంచులో అడుగుల చప్పుడు వినబడింది. మెల్లగా, ఆగి ఆగి, గడ్డిని ఒరుసుకుంటూ.

"లేయా?" అన్నాడు.

ఆ అడుగులు ఆగిపోయాయి. వచ్చినవాడు కుండ కింద దించాడు. దించి అన్నాడు, "కాదయ్యగారూ. నానే, పైడయ్యని. అంబలి తెచ్చినాను."

అతనూ ముసలివాడే. మేకల కర్ర ఒక చేత్తో, కుండ ఇంకో చేత్తో పట్టుకుని ఎలా ఎక్కాడో ఎవరికీ తెలియదు. ఆమోసు అతని చేతులు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడ్చి, అతను పోసిన అంబలి తాగాడు. తాగాక, "నువ్వు తిన్నావా?" అని అడిగి, మిగిలింది అతని దోసిట్లో పోశాడు.

నేటికీ కోత పండుగ మరునాడు ఈ ఆచారం జరుగుతోంది. ఎవరి కోసమైనా మనసు కొట్టుకునేవారు పొద్దున్నే ఎక్కి, బండ మీద ముసుగు వేసుకుని కూర్చుంటారు. బిడ్డను పోగొట్టుకున్నవారు వస్తారు. ప్రార్థన చేసి చేసి, అవతల ఎవరూ లేరేమోనన్న దిగులు పట్టినవారూ వస్తారు. ఏ మతం, ఏ కులం అని ఎవరూ అడగరు. కాసేపటికి కింద నుంచి కొందరు అంబలి కుండలతో బయలుదేరతారు. నియమం ఒక్కటే: తనకు తెలిసినవారికి పోయకూడదు, కొత్తవారి దగ్గరికే వెళ్ళాలి. తాగినవారు మిగిలింది పోసినవారికి పెట్టాలి.

ఈ స్థలాన్ని దర్శిస్తే రోగాలు పోతాయని, కోరికలు తీరుతాయని యాత్రికుల కోసం రాస్తున్న ఈ పుస్తకంలో నేను రాయను. ఇక్కడికి ఏడ్చుకుంటూ ఒంటరిగా ఎక్కినవారు ఎవరో ఒకరితో మాట్లాడుతూ దిగడం మాత్రం ఏటేటా చూస్తున్నాను. అదే ఈ కొండ దీవెన అని మా నమ్మకం.

కనుక యాత్రికులారా, మీరు బండ మీద కూర్చున్నప్పుడు మీ వెనక అడుగుల చప్పుడు వినబడుతుంది. మీ గుండె ఒక్కసారి లేచి, మీరు ఎదురుచూసే పేరు పెదవుల దాకా వస్తుంది. ఆ పేరు పిలవండి, సిగ్గుపడవద్దు. తలెత్తి చూస్తే వచ్చింది వారు కాకపోవచ్చు. ముఖం చిన్నబుచ్చుకోకండి, పాపం, అంత ఎత్తు ఎక్కి వచ్చారు. దోసిలి పట్టండి.