సింహం కాళ్ళు కనబడితేనే తూము

అనగనగా ఒక ఏటి ఒడ్డున నూకాలు అని చేపలమ్ముకునే మనిషి. ఆమెకి అన్యాయం జరిగింది ఎప్పుడంటే, చిత్త కార్తె మూడో రోజున. వల లాగితే అన్నీ చచ్చిన చేపలే, ఎర్రటి నీళ్ళలో వెల్లకిలా.

ఏటికి ఎగువన ఒక దేశం, దిగువన ఒక దేశం. ఎగువవాళ్ళు బట్టలకి రంగులద్ది, ఆ బానల నీళ్ళు ఏట్లో కుమ్మరించేవాళ్ళు. దిగువన నూకాలు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ ఆకలి.

అప్పుడు నూకాలు తన రాజుతో మొరపెట్టుకుంది. ఆయన ఎగువకి ఉత్తరం రాశాడు. "మా పొలిమేర దాటాక అది మీ ఏరే కదా!" అని జవాబొచ్చింది. ఎంత తెలివో చూడు, బంగారూ!

ఆ తర్వాత రాజు ఏటికి అడ్డుకట్ట వేయించాడు. ఎగువన బానలు మునిగాయి, దిగువన మళ్ళు ఎండాయి. తనే కట్ట తెగ్గొట్టించాడు. మళ్ళీ ఎర్రనీళ్ళే.

అప్పుడు మృగశిర వచ్చింది. ఆ కార్తె మొదటి రోజు చేప లేందే ఎగువవాళ్ళకి ముద్ద దిగదు. ఏటా మోసుకెళ్ళేది నూకాలే. ఈసారీ గంప నెత్తికెత్తుకుని వెళ్ళి, అద్దకాల పేరిందేవి వాకిట్లో దించింది. గంపలో కుండ, కుండలో ఎర్రనీళ్ళు.

"చేపలేవే?"

"చంపేశారుగా తల్లీ. పులుసొకటే మిగిలింది, చింతపండు పిసుక్కుని తాగండి!"

పేరిందేవి మొహం చిన్నబోయింది. "పారే ఏరు కదా, కొట్టుకుపోతుందనుకున్నామే!"

"మా ఇంటికే కొట్టుకొచ్చింది."

"అద్దకం ఆపితే మా పొయ్యి ఆరిపోతుంది నూకాలూ."

"ఆపమన్నానా? వడగట్టి వదలమంటున్నా."

వడగట్టడానికి పల్లం కావాలి. ఉన్న పల్లమల్లా సరిహద్దు రాయి చుట్టూనే. రెండు దేశాల భటులూ ఈటెలు అడ్డం పెట్టారు, "రాయి కదలకూడదు!" అని.

"కదపొద్దులే నాయనా. తడిస్తే మీ దేశాలేమన్నా కరిగిపోతాయా?" అంది నూకాలు.

భటులు ఈటెలు దించారు. ఆ తర్వాత ఎగువవాళ్ళూ దిగువవాళ్ళూ కలిసి మూడు గుంటలు తవ్వారు. ఒకదాంట్లో ఇసక, ఇంకోదాంట్లో బొగ్గు, మూడోదాంట్లో తుంగ. మూడో గుంట నడుమ సరిహద్దు రాయి. రాయి మొదట్లో ఒక సింహం బొమ్మ. నీళ్ళలోంచి సింహం కాళ్ళు కనబడితేనే తూము తియ్యాలని కట్టుబాటు. చూసి చెప్పేది ఎవరనుకున్నావు? ఆ భటులే!

మరుసటేడు చేపలు ఏరు ఎదురెక్కాయి. గుడ్లతో ఉన్నవాటిని నూకాలు నీళ్ళలోకి వదిలేసింది. మిగిలినవి గంపకెత్తి పేరిందేవి వాకిట్లో దించింది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద పులుసు పెట్టారు, పిల్లలు కంచాలు నాకారు. సరిహద్దు రాయి మీద చెక్కించారు కూడా: "మృగశిర మొదటి రోజు, చేపలు పదిహేడు."

చేప ఏటికి, కథ కంచికి, నువ్వు దుప్పట్లోకి!