అంబారి దొర వస్తానన్నాడు

పెద్దనది రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట రెండు లంకలుండేవి. ఎగువన ఉన్నది రాళ్ళలంక, రేచుకుక్కలది. దిగువన ఉన్నది రెల్లులంక, దుప్పులది. మధ్యలో ఒక కాలవ పారేది. వానాకాలంలో అది ఏనుగు లోతు, వేసవిలో మోకాలి లోతు కూడా ఉండదు. అందుకని దుప్పులు వానలకు సంబరపడి, ఎండలకు వణికేవి.

నది అవతలి గట్టున ఏనుగుల రాజ్యం ఉంది. కనుచూపు మేరా చెరకు. నిజానికి వాటికి లంకల గొడవ అక్కర్లేదు. కానీ ఒక అనుమానం పట్టుకుంది: కుక్కలు ఇవాళ రెల్లులంకను మింగితే రేపు ఇంకో లంకను మింగుతాయి, ఏదో ఒకనాడు తెల్లారేసరికి మన చెరకులో ఉంటాయి. కుక్కలు చెరకు తినవన్న సంగతి ఒక్క ఏనుగుకూ తట్టలేదు. బుర్ర పెద్దదైతే అనుమానం తిరగడానికి చోటు కూడా ఎక్కువే కదా. ఆ అనుమానంతోనే ఏనుగులు నది దాటి వచ్చి దుప్పులకు కాపలా నిలబడ్డాయి.

అప్పట్లో రెల్లులంకకు పెద్ద ఒక ముసలి కణితి, అంటే పెద్ద కొమ్ముల దుప్పి. మొండివాడు. ఏనుగుల తిండి తిన్నాడు గానీ సలహా తినలేదు. ఒక సాయంత్రం అతని మనుషులే అతన్ని కొమ్ములతో పొడిచి రెల్లులో పడేశారు. మనుషులంటే దుప్పులే లెండి. ఏనుగులు ఆ పూట వెదురు నములుతూ అటు తిరిగి నిలబడ్డాయి. పొడిచిన వాళ్ళలో పొడలయ్య అనే దుప్పి ఉన్నాడు, తర్వాత లంకకు పెద్ద అయ్యాడు. ఏనుగు అటు తిరిగి నిలబడితే ఏం జరుగుతుందో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

పెద్దరికం వచ్చిన రోజు నుంచి పొడలయ్యకు మేత సయించలేదు. వెనక ఎవరు నిలబడ్డా కొమ్ములే కనిపించేవి. మందతో కలిసి మేయడం మానేశాడు. ఎప్పుడు చూసినా ఏనుగు నీడలోనే ఉండేవాడు, అక్కడే పడుకునేవాడు. మంద కూడా అతన్ని మెల్లగా వదిలేసింది. అతనితో ముఖం చూసి మాట్లాడేది చెవులమ్మ ఒక్కతే. వరసకు పిన్ని. ఆవిడకు చూపు ఆనదు గానీ, కాలవ అవతల కుక్క ఒళ్ళు దులుపుకున్నా వినిపిస్తుంది.

ఏళ్ళు గడిచాయి. బురదలో నిలబడి నిలబడి ఏనుగుల కాళ్ళు పాసిపోయాయి. గున్నలు కొన్ని ఊబిలో దిగబడి మళ్ళీ లేవలేదు. అవతలి గట్టున తల్లి ఏనుగుల ఏడుపు గాలివాటున లంక దాకా వినిపించేది. ఏనుగుల్లో పెద్దరికం తాతతండ్రుల నుంచి వచ్చేది కాదు. మందంతా తొండాలెత్తి ఒకడిని నిలబెడుతుంది, విసుగొస్తే దించేస్తుంది. పిల్లలను పరువుతో ఇంటికి తెస్తానని చెప్పి అంబారి దొర పెద్ద అయ్యాడు. వాళ్ళను తేవడం ఎంత కష్టమో, పరువును తేవడం అంతకన్నా కష్టమని తర్వాత తెలిసింది.

దొర దగ్గర జిత్తయ్య అని ఒక నక్క ఉండేవాడు. దొర పంపితే అతను ఎవరికంటా పడకుండా రాళ్ళలంకకు వెళ్ళి కుక్కలతో రాజీ మాట్లాడి వచ్చాడు. అందరికన్నా చివర ఆ సంగతి తెలిసింది పొడలయ్యకు. రాజీ ఏమిటంటే, ఏనుగులు ఇంటికి వెళ్ళిపోతాయి, కుక్కలు దుప్పుల జోలికి రావు. ఇప్పటికే రెల్లులో జొరబడి కూర్చున్న కుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఇది చెబుతున్నంత సేపూ జిత్తయ్య పొడలయ్యను బావగారూ, బావగారూ అంటూనే ఉన్నాడు.

నాకు ఒక్క మాట చెప్పకుండా నా గడ్డిని ఎలా పంచారని పొడలయ్య మండిపడ్డాడు. ఊ అనేది లేదని కాళ్ళు తన్నుకున్నాడు. చివరికి దొర స్వయంగా మాట్లాడతానని కబురు పెట్టాడు. నది మధ్య ఇసుకతిన్నె మీద కలుసుకున్నారు. దొర మెరక మీద నిలబడ్డాడు. పొడలయ్యకు పల్లం మిగిలింది. మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తూ మాట్లాడవలసి వచ్చింది.

"మీరు వెళ్తారట, కుక్కలు ఉంటాయట. ఇది రాజీ ఎలా అవుతుందండీ దొరా?" అన్నాడు.

"నువ్వు ఊ అంటే ఇద్దరం కలిసి చేసినట్టుంటుంది. అనకపోతే నేనొక్కణ్ణే చేస్తాను," అన్నాడు దొర. తర్వాత మెత్తగా అన్నాడు: "కణితి కూడా ఇలాగే మొండికేశాడు, పాపం."

తనను కూడా రెల్లులో పడేస్తారని కాదు పొడలయ్య భయం. దొర వెళ్ళిపోయాక లంకంతా తిరిగినా పక్కన నిలబడే ప్రాణి ఒక్కటీ ఉండదన్నదే భయం. అందుకని ఇక బతిమాలలేదు. ఒక్కటే అడిగాడు.

"కుక్కలు మాట తప్పి మా మీద పడితే మీరొస్తారా?"

దొర చెవులు ఆడించాడు. అవతలి గట్టు వైపు చూసి, పొద్దు వాలుతోంది, పిల్లలు ఎదురు చూస్తుంటారు అని గొణిగాడు. తిన్నె దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టాడు. అప్పుడు సగం వెనక్కి తిరిగి, "మరి నేను వస్తాను పొడలయ్యా," అన్నాడు.

ఆ ఒక్క మాటతో పొడలయ్య కడుపు నిండింది. ఊ అన్నాడు. అన్న తర్వాత, ఎప్పుడొస్తారు, ఎంతమందితో వస్తారు అని అడగాలనిపించి నోరు తెరిచాడు. కానీ దొర అప్పటికే నడుస్తున్నాడు. బయల్దేరిన వాణ్ణి వెనక నుంచి పిలవకూడదని చిన్నప్పటి నుంచీ విన్నాడు. పిలిస్తే వెళ్ళేవాడికి కీడట. తన కోసం రావలసినవాడికి కీడెందుకని నోరు మూసుకున్నాడు.

లంకకు రాగానే ఆ మాట చెవులమ్మకు చెప్పాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అతని గొంతులో సంతోషం విని ఆవిడ దగ్గరకొచ్చింది.

"ఏమన్నాడో అన్నది అన్నట్టు చెప్పు నాయనా."

"మరి నేను వస్తాను అన్నాడు పిన్నీ."

"అప్పటికి గట్టు మీదున్నాడా, నీళ్ళలో దిగాడా?"

"దిగాడు."

చెవులమ్మ చెవులు వాలిపోయాయి. "అయితే వెళ్తున్నానని చెప్పాడురా. వెళ్ళేవాడు పోతానంటాడా ఎక్కడైనా?"

పొడలయ్యకు కోపం వచ్చింది. కళ్ళతో పాటు చెవులు కూడా పోయాయి నీకు అన్నాడు. అని వెంటనే బాధపడ్డాడు గానీ, బాధపడ్డట్టు చెప్పలేదు. చెవులమ్మ అతని మాట పట్టించుకోకుండా, వానలు ఉండగానే కణితి పిల్లలతో రాజీపడమని, మంద మధ్యకు వచ్చి మేయమని, దిగువ లంక అడవిదున్నలను బతిమాలి స్నేహం చేసుకోమని చెప్పింది. దొర వస్తాడుగా, ఇవన్నీ ఎందుకు అన్నాడు పొడలయ్య.

ఏనుగులు వెళ్ళిపోయాయి. వెళ్ళాక లంక ఎంత పెద్దదో మొదటిసారి తెలిసింది. నీడ కోసం పొడలయ్య చోటు మార్చుకుంటూ తిరిగేవాడు, ఎక్కడా కుదురు దొరికేది కాదు. ఏనుగుల అడుగుల గుంటల్లో వాననీళ్ళు నిలిచాయి. పక్కనే నది ఉన్నా అతను ఆ గుంటల్లో నీళ్ళే తాగేవాడు. సాయంత్రమైతే గట్టు మీద నిలబడి అవతలికి చూసేవాడు. చెరకులో ఒక ఆకు కదిలినా మెడ చాచేవాడు. అది చూసి మందలోని కుర్ర దుప్పులు నవ్వుకునేవి. కొన్నాళ్ళకు నవ్వడం కూడా మానేశాయి, అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

ఇంతలో అవతలి గట్టున ఇంకో కథ జరిగింది. పొరుగువాళ్ళ చెరకు కుప్పల్లో దొంగతనం జరిగిందని, దాని వెనక అంబారి దొర ఉన్నాడని, పైగా అబద్ధమాడాడని బయటపడింది. మంద తొండాలెత్తి అతన్ని దించేసి ఇంకొకడిని నిలబెట్టింది. ఈ వార్త లంకకు చేరినప్పుడు పొడలయ్య ఆలోచించి, పెద్ద మారితే మాత్రం మాట మారుతుందా అన్నాడు. ఎవరితో అన్నాడంటే ఎవరితోనూ కాదు, పక్కన ఎవరూ లేరు.

వేసవి వచ్చింది, కాలవ ఎండింది. రేచుకుక్కల ఈలలు ముందు ఎగువ నుంచి వినిపించాయి, తర్వాత రెల్లులో నుంచి జవాబు వచ్చింది. దుప్పులన్నీ ఒకచోట గుమిగూడాయి. దిక్కు తోచక, అన్నాళ్ళూ వదిలేసిన పెద్ద వైపే చూశాయి. అందరూ తన వైపు చూడటం పొడలయ్య మరిచిపోయి చాలా కాలమైంది.

నేను వెళ్ళి దొరలను తీసుకొస్తాను, అప్పటిదాకా ఈ గట్టు వదలొద్దు అని మందకు చెప్పాడు. నదిలో దిగాడు. దిగాక సగం వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తాను పిన్నీ," అన్నాడు.

చెవులమ్మ చెవులు మళ్ళీ వాలాయి. ఆవిడేమీ అడగలేదు.

అవతలి గట్టున ఏనుగులు మేస్తున్నాయి. కొత్త పెద్ద తల ఎత్తకుండానే, దొర దిగిపోయినా అక్కడే ఉన్న జిత్తయ్యను మాట్లాడి పంపమన్నాడు. జిత్తయ్య బావగారిని ఎంతో ఆదరంగా పలకరించి, ఆ మాట ఇచ్చినవారు ఇప్పుడు పెద్ద కారు, ఉన్నవారు ఏ మాటా ఇవ్వలేదు, ఇక గున్నలను బురదలోకి పంపితే తల్లులు ఊరుకోరు అని వివరంగా చెప్పాడు. కావాలంటే చెరకు కంచె పక్కన ఉండి మేయవచ్చన్నాడు. పొడలయ్య వాదించాడు, ప్రాధేయపడ్డాడు, మోకాళ్ళ మీద కూడా పడ్డాడు. ఆ గోలలో లంక వైపు నుంచి వచ్చే ఈలలను సరిగా వినలేదు. లేచి చెవులు నిక్కించేసరికి ఈలలు ఆగిపోయి ఉన్నాయి. రెల్లు నిశ్చలంగా ఉంది. ఎంత సేపు చూసినా అందులో గానీ గట్టు మీద గానీ ఒక్క దుప్పి కూడా కదలలేదు.

కంచె చివర, మందకు దూరంగా, అంబారి దొర ఒక్కడే నిలబడి ఎండుటాకులు నములుతున్నాడు. దంతాల మీద దుమ్ము పేరుకుంది. పొడలయ్య అతని ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి ఇద్దరూ పల్లంలోనే ఉన్నారు.

"వస్తానన్నారు," అన్నాడు.

దొర చాలాసేపు నమిలాడు. "వెళ్ళేటప్పుడు ఎవరైనా అదే అంటారు పొడలయ్యా. నువ్వు మీవాళ్ళకు ఏం చెప్పి వచ్చావు?"

పొడలయ్యకు నీళ్ళలో కాళ్ళు పెట్టి, సగం తిరిగి తను అన్న మాట గుర్తొచ్చింది. అది విని వాలిన ఆ ముసలి చెవులు గుర్తొచ్చాయి. తనైతే దొర మాటను నమ్మి ఊ అన్నాడు. ఆవిడ మాత్రం తన మాటను వెళ్తున్నాననే అర్థం చేసుకుని, అయినా పంపించింది.

కంచె పక్కన గడ్డి పచ్చగానే ఉంది. పొడలయ్య దాన్ని ముట్టుకోలేదు. నది వైపు తిరిగాడు. పాపం దొరకు కూడా పలకరించేవాళ్ళు లేక చాలా రోజులైనట్టుంది, ఇంకాసేపు ఉండమన్నాడు.

"పోతాను దొరా," అన్నాడు పొడలయ్య.

"అదేం మాట? వెళ్ళొస్తానను," అన్నాడు దొర.

పొడలయ్య అనలేదు. ఖాళీ రెల్లులంక వైపు నీళ్ళలోకి దిగాడు. వెనక నుంచి పిలవకూడదు గనుక, దొర పిలవలేదు.

నీతి: వస్తానన్న వాడి మాట కాదు, ఆ మాట అంటున్నప్పుడు వాడి కాళ్ళు ఎటు ఉన్నాయో చూసుకోవాలి.