చలి తెలిసిన పాట

అనగనగా, మన ఊళ్ళో కాదురా కన్నా, సముద్రాలు దాటి వెళ్తే జపాను దేశం వస్తుందే, అక్కడ మోకాళ్ళ లోతు మంచు పడే ఒక ఊళ్ళో, ఏడు తరాలుగా సాకే చేసే ఇల్లు ఒకటి ఉండేది. సాకే అంటే బియ్యంతో చేసే కల్లు. నువ్వు తాగకూడదు, వినొచ్చు.

మనం పాలకి తోడు వేస్తామా, వాళ్ళు అన్నానికి తోడు వేస్తారు. పెద్ద కొయ్యతొట్టిలో పోసి పొడుగాటి కర్రలతో కలుపుతారు. ఎంతసేపు కలపాలో పాట చెబుతుంది. పాట ఎత్తుకుంటే కలపడం మొదలు, పాట అయిపోతే ఆపెయ్యడం. ఆ పాట పాడేది ఇంటిపెద్ద గెంజో తాత.

కొత్త సాకే తయారైన రోజున గుమ్మానికి దేవదారు ఆకులతో పచ్చటి బంతి కట్టి వేలాడదీస్తారు. అది చూసి ఊరంతా వస్తుంది. మొదటి పీపా గుడికి వెళ్తుంది. ఏడు తరాల్లో ఒక్క ఏడాదైనా ఆ గుమ్మం బోసిగా ఉన్నది లేదు.

అలాంటిది ఒక చలికాలం గెంజో తాతకి గొంతు పోయింది. మాట లేదు, పాట లేదు. అప్పుడు ఆయన కొడుకు హెయిజి పట్నం నుంచి గోడగడియారం తెచ్చాడు. నాన్న పాట ఎంతసేపు ఉండేదో ఎప్పుడో ఓసారి చూసుకున్నాడట. సరిగ్గా అంతసేపే కలిపించాడు. మొండి మనిషి.

మొదటి తొట్టి చెడిపోయింది. ఆ తర్వాత రెండో తొట్టి. ఈసారి గడియారం ముందే నిలబడి రెప్ప వెయ్యకుండా చూశాడు. అదీ చెడింది. ఇంక మూడో తొట్టికి సరిపడా బియ్యమే మిగిలింది. అదీ పోతే ఆ ఏడు గుమ్మానికి బంతి లేనట్టే. గెంజో తాత గుమ్మం వైపే చూస్తూ కూర్చునేవాడు.

హెయిజి పెళ్ళాం పేరు కినూ. ఆ ఇంట్లో ఆడవాళ్ళు తొట్లున్న కొట్టులో అడుగు పెట్టకూడదని కట్టుబాటు. ఏం కట్టుబాటో, వాళ్ళ మొహం. బియ్యం మాత్రం ఆవిడే కడగాలి. గోడకి ఇవతల, మంచునీళ్ళలో, పదేళ్ళు కడిగింది. ఆ పదేళ్ళూ మావగారి పాట వింటూనే కడిగింది.

అప్పుడు కినూ మొగుడితో చెప్పింది. "గడియారానికి చలి వెయ్యదండీ. పాటకి వేస్తుంది."

నిజమే కదా. గడ్డకట్టే రోజున నోరు బిగుసుకుపోయి పాట సాగేది, దాంతోపాటు కలపడమూ సాగేది. ఎండ కాస్తే పాట పరిగెత్తేది, చేతులూ త్వరగా ఆగేవి. ఏ రోజుకి ఎంత కావాలో తొట్టికి అంతే అందేది. గోడ ఇవతల ఆవిడకి తెలిసింది, గోడ అవతల ఉన్న హెయిజికి తెలియలేదు.

హెయిజి కట్టుబాటు, కట్టుబాటు అని నసిగాడు. అప్పుడు గెంజో తాత లేచాడు. తన తలకి చుట్టుకునే నీలం గుడ్డ విప్పి కోడలి తలకి కట్టాడు. చెయ్యి పట్టుకుని తనే కొట్టులోకి తీసుకెళ్ళాడు.

కినూ పాడింది. మొదటి రోజు చలి, పాట నెమ్మదిగా. రెండో రోజు ఎండ, పాట చకచకా. మూడో రోజు ఒకటే మంచు, పాట ఎంతకీ తెమల్లేదు. పనివాళ్ళు చేతులు నొప్పెట్టినా ఆపలేదు. హెయిజి కూడా కర్ర పట్టి పాట అందుకున్నాడు. శ్రుతి లేదు పాపం, అయినా అందుకున్నాడు.

ఆ తర్వాత ఒక ఉదయం తొట్టిలో బుడబుడమని నురుగు పొంగింది. కొట్టంతా మాగిన పళ్ళ వాసన. తాత ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, ఏడ్చి, నవ్వాడు.

కొత్త సాకే తయారైన రోజున గుమ్మానికి పచ్చటి బంతి కట్టారు. నిచ్చెనెక్కి కట్టింది ఎవరనుకున్నావు? కినూయే. ఊరు ఊరంతా వచ్చింది. మొదటి పీపాని ఆ పాటే పాడుకుంటూ గుడిదాకా మోసుకెళ్ళారు. తాతకి గొంతు తిరిగొచ్చింది, అయినా పాట ఎత్తుకోమని కోడలి వైపే చూసేవాడు.

గడియారమా? అది వంటింట్లో ఉంది, గుడ్లు ఉడకబెట్టుకోవడానికి.

కథేమో కంచికి,
కినూ పాట తొట్టికి,
నీ తల దిండుకి.