కౌజు పిట్ట తీసిన తడి రాయి ఫొటో

పిల్లలూ, ఊఁ కొడుతూ వినండి. అనగనగా తుమ్మెదకోన అని ఒక అడవి. ఆ అడవిలో జంతువులకూ పిట్టలకూ అందరికీ సెల్‌ఫోన్లు ఉండేవి. ఎవరు ఏ ఫొటో తీసినా ‘ఫొటోల గూడు’ అనే వెబ్‌సైట్‌లో పెట్టేవారు. అందరూ చూసి మురిసిపోయేవారు.

అక్కడ రాగి అని ఒక ముంగిస ఉండేది. దానికి కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఏ బొరియ కనిపించినా తల దూర్చి చూడాల్సిందే. ఫోన్‌లోనూ అంతే. ఒకరోజు ఫొటోల గూడులో అటూ ఇటూ తిరుగుతుంటే ఒక మూల మూడు కొత్త పనిముట్లు కనిపించాయి. మొదటిది చిన్న చిన్న ఫొటోలను పక్కపక్కన పేర్చి ఒక పెద్ద బొమ్మ చేస్తుంది. రెండోది ఏ ఫొటో ఎక్కడ తీశారో అడవి పటం మీద చూపిస్తుంది. మూడోది, మనం ఒక రంగు చెబితే ఆ రంగున్న ఫొటోలన్నీ ఏరి పెడుతుంది.

“అబ్బ! ఇన్నాళ్లూ వీటిని చూడనే లేదే!” అని రాగి గంతులేసింది.

ముందు మొదటి పనిముట్టు పట్టుకుంది. మూడు రోజులు తిండి కూడా మరిచిపోయి, అందరి ఫొటోలూ పేర్చి పురివిప్పిన నెమలి బొమ్మ చేసింది. ఉడుత తీసిన మోదుగుపూలు నెమలి పురిలో మెరిశాయి. ఉడుము తీసిన ఆకాశం మెడ అయింది. ముత్యాలు అనే కౌజు పిట్ట తీసిన మట్టి గడ్డలు, చీమల పుట్టలు, తడి రాళ్లు కాళ్లయ్యాయి.

అంతా అయ్యాక పనిముట్టు అడిగింది: “ఫొటోలు తీసినవారి పేర్లు కింద వేయమంటారా?”

రాగి లెక్కపెట్టింది. నలభై ఒక్క పేర్లు! ‘ఇన్ని పేర్లు వేస్తే బొమ్మ అందం పోదూ? అయినా పేర్చింది నేనేగా’ అనుకుంది. ‘వద్దు’ అని నొక్కింది. బొమ్మ కింద ‘చేసినది: రాగి’ అని మాత్రం రాసింది.

అడవిలో ఎవరి నోట విన్నా ఆ బొమ్మ మాటే. “నీ చేతిలో ఏదో ఉంది రాగీ!” అంది ఎలుగుబంటి. రాగి తోక నిటారుగా పెట్టి తిరిగింది.

కౌజు పిట్ట ముత్యాలు కూడా ఆ బొమ్మ చూసింది. నేల మీద తిరిగే చిన్న పిట్ట కాబట్టి అది నేలనే ఫొటోలు తీసేది. వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఇప్పుడవి అంత పెద్ద బొమ్మలో కనిపించేసరికి దాని గుండె పొంగింది. గబగబా కింద పేరు కోసం వెతుక్కుంది. లేదు. తన ఫొటోలన్నీ ఎవరికీ కనపడకుండా దాచేసుకుంది. అది చూసి ఉడుత దాచుకుంది. ఉడుమూ దాచుకుంది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు అందరూ దాచుకున్నారు. కొత్త మెప్పుల సందడిలో రాగి అదేమీ గమనించలేదు.

అంతలో ఎండలు ముదిరాయి. వాగు ఎండింది. మడుగులో బురద కూడా బీటలు వారింది. దుప్పి గౌరమ్మ తన కూనను వెంటబెట్టుకుని రాగి దగ్గరకు వచ్చింది. ఆ కూన నడవలేక నడుస్తోంది. దాని నాలుక ఎండిపోయింది.

“రాగీ, నీకు ఫోన్‌లో ఏవేవో తెలుసంటారు కదమ్మా. ఎక్కడైనా చుక్క నీళ్లున్నాయేమో చూడవూ? వీడు రేపటిదాకా ఉంటాడో లేదో” అంది గౌరమ్మ.

“ఉండు అత్తా, ఇప్పుడే చూస్తా” అంది రాగి. దానికి ఒక ఉపాయం తోచింది. నడివేసవిలో కూడా పచ్చగా ఉన్న చోటు దొరికితే, దాని కింద నీళ్లుంటాయి. రంగులు ఏరే పనిముట్టుతో, “పోయిన వేసవి ఫొటోల్లో పచ్చరంగు ఏరి పెట్టు” అంది.

మూడంటే మూడు ఫొటోలు వచ్చాయి. ఒకటి చిలక. ఒకటి మామిడి పిందె. ఒకటి ఎవరో పారేసిన పచ్చ గొడుగు. మూడూ రాగి తీసినవే! పటం తెరిచింది. తన మూడు ఫొటోల గుర్తులు తప్ప అడవి పటమంతా ఖాళీ.

రాగి ఉడుత దగ్గరకు పరుగెత్తింది. “మీ ఫొటోలన్నీ ఏమయ్యాయి?”

“దాచుకున్నాం” అంది ఉడుత. “నీ బొమ్మలో మా ఫొటోలున్నాయి గానీ మేం లేం కదా. మొదట ముత్యాలక్క దాచింది. దాన్ని చూసి మేమూ.”

రాగికి తల తీసేసినట్టయింది. నేరుగా వెళ్లి ఫొటోలు అడుగుదామా అనుకుంది. కానీ ఏ మొహం పెట్టుకుని అడగడం? అక్కడే కూలబడి ఫోన్ తెరిచింది. నెమలి బొమ్మ కింద తన పేరు తీసేసింది. నలభై ఒక్క పేర్లూ ఒక్కటీ వదలకుండా రాసింది. ఆ పైన ‘వీళ్లు ఫొటోలు తీశారు, నేను పేర్చాను. అందరికీ నా దండాలు’ అని రాసింది. అప్పుడు తూర్పు గట్టున ఉన్న ముత్యాలు ఇంటికి వెళ్లింది.

“ముత్యాలక్కా, తప్పు చేశాను. నీ ఫొటోలు వాడుకుని నీ పేరు మింగేశాను.”

ముత్యాలు మెల్లగా అంది: “నాకు దండలూ మెప్పులూ ఎందుకే? ఆ నెమలి నిలబడింది నా ఫొటోల మీదే. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు, నా పిల్లలకు చూపించుకునేదాన్ని.”

“ఇప్పుడు రాశానక్కా. చూడు.”

ముత్యాలు చూసింది. తన పేరు కనిపించగానే దాని కళ్లు చెమర్చాయి. అప్పుడు రాగి గౌరమ్మ కూన సంగతి చెప్పింది.

“అయ్యో, ఆ మాట ముందు చెప్పవేం!” అంటూ ముత్యాలు దాచిన ఫొటోలన్నీ తెరిచేసింది. రాగి పచ్చరంగు ఏరమంది. ఒక్క ఫొటో పైకి వచ్చింది. పెద్ద బండ నీడలో తడి రాయి, దాని అంచున లేత నాచు. తీసింది నడివేసవిలో!

“అది ఇక్కడికి దగ్గరే, రా!” అని ముత్యాలు ముందు పరుగెత్తింది. రాగి ఫోన్ చేయగానే గౌరమ్మ కూనను నెట్టుకుంటూ వచ్చింది. బండ కింద రాగి గోళ్లతో తవ్వింది. మూరెడు లోతు తవ్వేసరికి మట్టి చల్లబడింది. ఇంకాస్త తవ్వింది. నీళ్లు బుడబుడమని ఊరాయి.

కూన మూతి పెట్టి ఆగకుండా తాగింది. తాగి, తుమ్మి, మళ్లీ తాగింది.

“నీ రుణం తీర్చుకోలేనమ్మా రాగీ” అంది గౌరమ్మ.

“నాకు కాదత్తా. ఈ చోటు ముత్యాలక్కది” అంది రాగి.

ముత్యాలు తల అడ్డంగా ఊపింది. “ఆ రాయి మీద పోయినేటి నా పిల్లలు మొదటిసారి నడిచారు. అందుకని తీశాను, అంతే. దాని కింద నీళ్లున్నాయని నాకేం తెలుసు? మీరు వచ్చి అడగబట్టి ఈ ఎండాకాలం నా పిల్లలకూ నీళ్లు దొరికాయి. నేనే మీకు దండం పెట్టాలి” అంది. దాని వెనకే పరుగెత్తుకొచ్చిన ఈ ఏటి పిల్లలు ఒక్కొక్కటే ముందుకు వచ్చి, దుప్పి కూన పక్కన చేరి నీళ్లు తాగాయి.

నీతి: పదిమంది పంచిన దానితో చేసిన పనికి పదిమంది పేర్లూ చెప్పి దండం పెట్టాలి. అప్పుడే వాళ్లకు మళ్లీ పంచాలనిపిస్తుంది.